మెట్లు తీసేసిన కాంప్లెక్సు

కొందరికి అవసరానికి సరిపడా తెలివి ఉంటుంది. కొందరికి నలుగురికీ పంచిపెట్టేంత ఉంటుంది. గొడుగుల షాపు గవరయ్య తనది రెండో రకమని నమ్మకంగా చెప్పేవాడు. పక్క షాపులో టైలరు పైడిరాజు గవరయ్యకి తమ్ముడు. ఆ పక్కన స్టీలు సామాన్ల సింహాచలం బావమరిది. "మన ముగ్గురి తెలివీ ఒకే కాంప్లెక్సులో ఉండిపోయింది గానీ, ఊరంతా సర్దితే ఊరు బాగుపడిపోను" అని ముగ్గురూ సాయంత్రం టీ తాగుతూ ఊరి మీద జాలి పడేవాళ్ళు.

ఆ కాంప్లెక్సు బజారు నడిబొడ్డున ఉంది. కట్టి నలభై ఏళ్ళయింది. పెచ్చులూడిన గోడలు, తలో సైజు బోర్డులు, రోడ్డు నుంచి షాపుల్లోకి నిటారుగా ఆరు మెట్లు. బైపాసు దగ్గర కొత్త మాల్ తెరిచాక ఇటుకేసి చూసేవాళ్ళు తగ్గిపోయారు. యజమానురాలు సుభద్రమ్మగారు విశాఖలో ఉంటారు. ఆవిడ ఫోన్ చేసి గవరయ్యతో నిదానంగా చెప్పారు.

"ఇంజనీరు షరీఫ్ గారిని పంపిస్తున్నాను. రోడ్డు వైపు భాగమైనా బాగుచేయిద్దాం. పది రోజుల్లో నేనే వచ్చి చూస్తాను. అప్పటికీ జనం రాకపోతే కాంప్లెక్సు అమ్మేస్తాను గవరయ్యా. కొనేవాడు పడగొట్టి ఇంకేదో కట్టుకుంటాడు."

గవరయ్య ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఆ షాపు నాన్న పెట్టింది. అందులో తప్ప ఇంకెక్కడ కూర్చున్నా అతనికి నిద్ర కూడా పట్టదు.

మర్నాడు షరీఫ్ గారు వచ్చారు. అటూ ఇటూ తిరిగి చూసి, ముగ్గురినీ పిలిచి చెప్పారు.

"ముందు ఈ మెట్లు తీసేయండి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఎక్కలేకపోతున్నారు. బోర్డులన్నీ ఒక్కలాగే ఉండాలి. ముందు గోడ చూస్తే కళ్ళు చెదరాలి. రోడ్డు మీద పోయేవాడు చూడగానే ఆగిపోవాలి. అదీ మనకి కావలసింది. నాకు రాజమండ్రిలో పనుంది. నేను వచ్చేదాకా మెట్ల పని చూస్తుండండి. చెప్పింది చెప్పినట్టు చెయ్యండి, సొంత తెలివి వాడకండి."

"ఉన్న తెలివి వాడొద్దంటాడేమిటి బావా?" అన్నాడు సింహాచలం, ఆయన వెళ్ళాక.

"అరిగిపోతుందని ఆయన భయం" అన్నాడు గవరయ్య. "సరే, మాటకి మాట గుర్తుపెట్టుకోండి."

మర్నాడే మేస్త్రీలు వచ్చి మెట్లు తవ్వేశారు. అంతే, షాపుల గట్టు మనిషి ఛాతీ ఎత్తున నిలిచిపోయింది. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళూ ఎక్కలేకపోయారు, లేనివాళ్ళూ ఎక్కలేకపోయారు.

"నిచ్చెన వేద్దామా అన్నయ్యా?" అన్నాడు పైడిరాజు.

"నిచ్చెనకి ఉన్నవేమిటి మరి? మెట్లే కదా. ఆయన మెట్లు తీసేయమన్నాడు, సన్నగా చెయ్యమనలేదు."

ఇంకేముంది, మేస్త్రీలు సిమెంటు లాగే గిలక ఉండనే ఉంది. దాని తాడుకి ప్లాస్టిక్ కుర్చీ కట్టారు. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి ముగ్గురూ పైకి లాగారు. మొదట ఎక్కింది జాకెట్టు కుట్టించుకోవడానికొచ్చిన ఒక ముసలమ్మ. ఆవిడ పైకెళ్ళాక కిందికి దింపమంది. దింపాక మళ్ళీ పైకి లాగమంది. జాకెట్టు సంగతి మర్చిపోయి అలా నాలుగుసార్లు ఊగి వెళ్ళిపోయింది.

రెండోది బోర్డులు. పెయింటర్ని పిలిచి, కాంప్లెక్సులో ఆరు షాపులున్నాయి, ఆరు బోర్డులూ ఒక్కలాగే రాయమన్నారు.

"ఏమని రాయను?" అన్నాడు పెయింటరు.

ముగ్గురూ ఆలోచనలో పడ్డారు. "పెద్దవాడివి నువ్వే గనక నీ పేరే ఉండనీ బావా" అన్నాడు సింహాచలం. సాయంత్రానికల్లా ఆరు షాపుల మీదా 'గవరయ్య గొడుగుల షాపు' అని పచ్చరంగులో మెరిసింది. గవరయ్య రోడ్డవతల నిలబడి చూసుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నాన్న ఉంటే ఎంత సంతోషించేవాడో అనిపించింది.

చివరి షాపు పళ్ళ డాక్టరు విమలగారిది. మర్నాడు పొద్దున్నే దవడ వాచినాయన ఒకడు గవరయ్య దగ్గర కూర్చుని నోరు తెరిచాడు. గవరయ్యకి ఏం చెయ్యాలో తోచలేదు. మర్యాదకి తనూ నోరు తెరిచాడు. ఇద్దరూ అలా కాసేపు ఉన్నారు. అదే సమయంలో, విరిగిన గొడుగు బాగుచేయించుకుందామని వచ్చినాయన డాక్టరమ్మ కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ నోరు తెరవమంది. గొడుగుకి నోరెందుకని అడగడానికే ఆయన నోరు తెరిచాడు. చూస్తే నిజంగానే ఒక పన్ను పుచ్చి ఉంది. ఆవిడ దాన్ని పీకేసింది. ఆయన పన్ను లేకుండా, విరిగిన గొడుగు అలాగే పట్టుకుని, కుర్చీలో కిందికి దిగాడు.

"మనవల్ల ఆయనకి మేలే జరిగింది" అన్నాడు గవరయ్య. "ఇప్పుడు కళ్ళు చెదిరే సంగతి చూద్దాం."

సింహాచలం షాపులో ఉన్న స్టీలు పళ్ళేలన్నీ బయటికొచ్చాయి. మూడొందల పళ్ళేలకి బెజ్జాలు వేసి, ముందు గోడంతా వేలాడదీశారు. పడమటి ఎండ వాటి మీద పడింది. అంతే, ఎదురుగా వస్తున్న ఆటోవాడికి లోకం తెల్లగా అయిపోయింది. ఆటో తిన్నగా వెళ్ళి పళ్ళ బండిని గుద్దింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ బత్తాయిలన్నీ రోడ్డు మీద దొర్లాయి.

"కళ్ళు చెదిరాయా?" అని అడిగాడు పైడిరాజు ఆటోవాణ్ణి.

"బుర్ర కూడా చెదిరింది" అన్నాడు వాడు.

"బాగుంది. అడిగినదానికంటే ఎక్కువే వచ్చింది."

ఇక మిగిలింది ఒక్క మాట. పోయేవాడు చూడగానే ఆగిపోవాలి. పదో రోజు పొద్దున్న ముగ్గురూ రోడ్డు మధ్యకెళ్ళి, ఈ పక్క స్తంభం నుంచి ఆ పక్క స్తంభానికి తాడు కట్టారు.

"మా కాంప్లెక్సు చూశారా?" అని గవరయ్య ఒక్కొక్కరినీ మర్యాదగా అడిగాడు.

"చూశాం, తప్పుకో."

"చూసినవాళ్ళు ఆగిపోవాలండి."

చూడలేదన్నవాళ్ళకి వేలు పెట్టి చూపించాడు. దాంతో వాళ్ళూ చూసేశారు, వాళ్ళనీ ఆపేశాడు. ఇంకేముంది, బస్సులు, ఆటోలు, పాలవ్యాన్లు, పెళ్ళి బ్యాండువాళ్ళు, అందరూ బస్టాండు దాకా నిలిచిపోయారు. ఊరికే నిలబడలేక కొందరు కుర్చీలో ఊగి పైకెళ్ళారు. వెళ్ళినవాళ్ళు గొడుగులు కొన్నారు, గిన్నెలు కొన్నారు.

ఆ గుంపులోనే సుభద్రమ్మగారి కారు కూడా చిక్కుకుంది. ఆవిడ దిగి నడిచొచ్చారు. ఏం జరుగుతోందో అడిగేలోపే ముగ్గురూ నమస్కారం పెట్టి, కుర్చీలో కూర్చోబెట్టి లాగడం మొదలెట్టారు.

"ఆపండయ్యా" అన్నారావిడ, నేల వదిలి రెండడుగులు లేచాక.

ఆపారు. తాడు మేకుకి కట్టేసి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఆపితే ఎలా? ఏదో ఒకటి చెయ్యండి."

"దించమంటారా, లాగమంటారా? చెప్పింది చెప్పినట్టు చెయ్యమన్నారండి" అన్నాడు గవరయ్య.

సుభద్రమ్మగారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. కుర్చీ నెమ్మదిగా తిరిగింది. ఆవిడ ముఖం రోడ్డు వైపు మళ్ళింది. బస్టాండు దాకా తలకాయలే. అందరూ ఆ పాత కాంప్లెక్సునే చూస్తున్నారు.

అప్పుడే షరీఫ్ గారు రాజమండ్రి నుంచి దిగారు. లేని మెట్లు చూశారు, ఆరు బోర్డులు చూశారు, పళ్ళేలు చూశారు, గాల్లో ఉన్న యజమానురాలిని చూశారు. చూసి సిమెంటు బస్తా మీద కూలబడ్డారు.

"షరీఫ్ గారూ" అన్నారు సుభద్రమ్మగారు పైనుంచే. "మా ఆయన దీన్ని ప్రారంభించిన రోజు ఇంతమంది జనాన్ని చూశాను. మళ్ళీ ఈరోజే చూస్తున్నాను. అమ్మను. మీరు దగ్గరుండి సరిగ్గా చేయించండి. ముందు నన్ను దించండి."

దించాక ఆవిడ గవరయ్య కేసి తిరిగారు. "ఇకమీదట ఈ పనిలో మీరు ముగ్గురూ వేలు పెట్టకండి. ఒక్క వేలు కూడా."

గవరయ్యకి షాపు దక్కింది. అంతకంటే ఏం కావాలి? అప్పటికప్పుడే రెండు పిడికిళ్ళూ బిగించేశాడు. తమ్ముడూ, బావమరిదీ కూడా బిగించారు. నెలరోజుల పాటు భార్యలే అన్నం తినిపించారు. పైడిరాజు సూదిని పళ్ళతో పట్టుకుని కుట్టాడు. ఈలోగా షరీఫ్ గారు వాలుగా నడకదారి కట్టించారు. గోడకి రంగులు వేయించారు. బోర్డులన్నీ ఒకే సైజులో, ఎవరి పేరు వాళ్ళకి పెట్టించారు.

ప్రారంభోత్సవం రోజు మేళం వాయిస్తుండగా సుభద్రమ్మగారు పళ్ళెంలో కత్తెర పెట్టి గవరయ్యకే అందించారు. గవరయ్య కత్తెర కేసి చూశాడు, దాని రెండు కన్నాల కేసి చూశాడు. తర్వాత వంగి రిబ్బను నోటితో అందుకున్నాడు. అన్న అవస్థ చూసి పైడిరాజు ఎడం పక్క, సింహాచలం కుడి పక్క పట్టుకున్నారు.

"అదేమిటయ్యా, కత్తెరుంది కదా?" అన్నారావిడ.

"కత్తెరలో వేళ్ళు పెట్టాలండి" అన్నాడు గవరయ్య, నోట్లో రిబ్బనుతోనే.

రిబ్బను మంచిది, నైలానుది. అది తెగి జనం లోపలికి వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోయింది.