సున్నం వేసిన వరస

నేను ఇంతవరకూ ఏమీ రాసిన దాన్ని కాదు. నా చదువు అయిదో తరగతితో ఆగింది. ఆ తర్వాత పలక పట్టుకుంది మా అమ్మాయికి అక్షరాలు దిద్దించడానికే. చర్చిలో ఈస్టరు పుస్తకం వేస్తున్నాం, మీరూ ఏదైనా రాసివ్వండి అని మా పాస్టరు అయ్యగారి భార్య అడిగితే, నాకెందుకమ్మా అని తలుపు చాటుకు పోయాను. ఆవిడ వదల్లేదు. మనవలకు పడుకునేటప్పుడు చెబుతారుగా, అదే రాయండి అంది. సరే, అదే రాస్తున్నాను. పిల్లలు పక్కన పడుకుని ఉన్నారనుకుంటేనే నాకు మాట వస్తుంది.

అనగా అనగా ఒక ఏరు. ఏటి పక్కన ఊరు, ఊరి పక్కన పేట, పేటలో చర్చి, చర్చి వెనక సమాధుల తోట. ఆ పేటలో ఒక కోడలు. పేరు సువార్తమ్మ. ఆమె కాలు ఒకచోట నిలిచేది కాదు. అన్నం ముద్ద చేతిలో ఉండగానే లేచి గేదె తాడు చూసొచ్చేది. తాడు చూసొచ్చి పొయ్యి చూసేది, పొయ్యి చూసి తలుపు చూసేది, తలుపు చూసి మళ్ళీ తాడు చూసేది. షారోనూ, నవ్వకు. నువ్వూ అంతే, ఇప్పటికి ఎన్నిసార్లు దుప్పటి తన్నావో!

ఆమెకు ఒక అత్త. పేరు కరుణమ్మ. పేరులో కరుణ ఉంది కానీ నోట్లో పచ్చి మిరపకాయ ఉండేది. ఆ కరుణమ్మకు పామంటే భయం లేదు, పిడుగంటే భయం లేదు, సంఘపెద్దలంటే అసలే లేదు. చీకటంటే మాత్రం చచ్చేంత భయం. కోడలు కిరసనాయిలు దీపం కాస్త తగ్గిస్తే చాలు, ఏమే, నన్ను అప్పుడే పాతిపెట్టేశావా అని లేచి కూర్చునేది. చమురు దండగ అని కోడలు, నీ పుట్టింటి చమురా అని అత్త. ఇద్దరికీ రోజూ అదే గొడవ. గొడవ అయ్యాక ఒకే కంచంలో తినేవాళ్ళు.

ఒక ఏడు ఈస్టరు వెళ్ళాక, మండు వేసవిలో ఆ కరుణమ్మ జబ్బు చేసి పోయింది. పోయే ముందు కోడలి చెయ్యి పట్టుకుని, "ఈస్టరుకి నాకు వెలుగు పెట్టవే, మర్చిపోకు" అంది. ఆ తర్వాత ఆమె నోట మాట లేదు.

ఆ పేటలో ఒక పద్ధతి ఉంది. ఈస్టరు ముందు శనివారం ఎవరి వాళ్ళ సమాధులకు వాళ్ళు మట్టి ఎగదోసి, అలికి, సున్నం వేస్తారు. ఆదివారం కోడి కూసే వేళకు అందరూ పాటలు పాడుకుంటూ తోటలోకి వెళ్ళి కొవ్వొత్తులు పెడతారు. ఆ ఏడాది పోయిన వాళ్ళకు మొదటి ఈస్టరు వెలుగు ఇంటి కోడలే పెట్టాలి. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే ఆపేస్తాను.

డబ్బున్న వాళ్ళవి పై వరసలో సిమెంటు సమాధులు. లేని వాళ్ళవి కింది వరసలో, ఏటి గట్టుకు ఆనుకుని, మట్టి దిబ్బలు. ఒక్కో దిబ్బకూ ఒక్కో కర్ర సిలువ. కరుణమ్మది కూడా కింది వరసే. సువార్తమ్మ ఎప్పుడు వెళ్ళినా సిలువ మీద పేరు చూసి దిబ్బ దగ్గర కూర్చునేది కానీ చోటు గుర్తు పెట్టుకోలేదు. పేరుండగా చోటుతో పనేముంది?

కార్తీకంలో ఏరు పొంగింది. కింది వరస సిలువలన్నీ నీళ్ళు ఎత్తుకుపోయాయి. దిబ్బలు కరిగి, పొయ్యి మీద ఆరిపోయిన అట్లలాగా అన్నీ ఒకటే తీరుగా మిగిలాయి. నీళ్ళు తీశాక సువార్తమ్మ వెళ్ళి చూసింది. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది, ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. అత్త ఏదో తెలియలేదు.

మొగుణ్ణి అడుగుదామంటే మొగుడు లేడు. ఏసోబు దసరాలకే ఇటుక బట్టీల పనికి దూరం వెళ్ళాడు. అప్పట్లో ఫోన్లు లేవు. ఊరికి వచ్చిన ఒకాయనతో కబురు మాత్రం పంపాడు. పండక్కి రాలేను, అమ్మకు సున్నం వెయ్యి, కొవ్వొత్తి పెట్టు, నువ్వున్నావని నా ధైర్యం అని. ఆ చివరి మాట వినకపోయినా బావుండేది అనుకుంది సువార్తమ్మ.

పోనీ ఊళ్ళో అడుగుదామంటే సిగ్గు. బతికుండగా పోట్లాడింది, పోయాక చోటే మర్చిపోయింది అంటారు. అడిగితే పరువు పోతుంది, అడగకపోతే మాట పోతుంది.

ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమకాలం వచ్చింది. రోజూ సాయంత్రం వంతు ప్రకారం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూటం. అందరూ చాపల మీద కుదురుగా కూర్చుంటే సువార్తమ్మ మోకాలు ఆడుతూనే ఉండేది. పక్కామె గిచ్చేది. అయ్యగారు సిలువ గురించి చెబుతుంటే ఈమెకు ఏట్లో కొట్టుకుపోయిన సిలువే కనబడేది. అందరూ బారెడు బారెడు ప్రార్థనలు చేస్తుంటే ఈమెది ఒక్కటే ముక్క. ప్రభువా, ఏది? ప్రభువా, ఏది?

ఈస్టరుకు ముందు వారం, మట్టల ఆదివారం నాడు చేతిలో ఈతమట్ట ఊపుతూనే పక్కింటి మార్తమ్మ పిన్నిని డొంకతిరుగుడుగా అడిగింది. ఆ పిన్ని మొగుడిది కూడా కింది వరసే.

"పిన్నీ, మా అత్తకు ఆ పక్కన ఉన్నది బాబాయేనా?"

మార్తమ్మ ఉలిక్కిపడింది. "ఏం, నీకు తెలీదా?"

"తెలుసులే. నీకు తెలుసో లేదో అని."

"నా మొగుడు ఎక్కడున్నాడో నాకు తెలీదంటే! వెళ్ళి ఉపదేశిగార్ని అడుగు, పో" అని విసవిసా వెళ్ళిపోయింది.

అయ్యగారి తర్వాత చర్చి పనులు చూసే ఉపదేశిగార్ని అడిగితే ఆయన పెద్దగా దగ్గి, ప్రార్థన చేసుకో తల్లీ, గుంతలు తవ్వే జోజి తాతకు తెలుస్తుంది అన్నాడు. జోజి తాత గట్టు మీద చుట్ట కాలుస్తున్నాడు. నేను తవ్వినవి నాకు తెలీవా అమ్మాయ్, అదిగో తాటి మొద్దుకు కుడిపక్క అన్నాడు. మర్నాడు అడిగితే ఎడమపక్క అన్నాడు. ఆ మర్నాడు అడిగితే, తాటి మొద్దు ఎక్కడుందే, అదీ వరదలో పోయిందిగా అన్నాడు. పిన్నిని అడిగితే ఉపదేశి, ఉపదేశిని అడిగితే జోజి, జోజిని అడిగితే మొద్దు, మొద్దును అడుగుదామంటే మొద్దే లేదు. ఎవరితో చెప్పుకోవాలి?

మంచి శుక్రవారం, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన అయి బయటికి రాగానే మార్తమ్మే అడిగింది. "ఏమే సువార్తా, రేపు సున్నానికి ఎప్పుడు వెళ్తున్నావు?"

"నువ్వెళ్ళాక వెళ్తా పిన్నీ."

"నాదేముంది, నువ్వే ముందెళ్ళు. మీ అత్త కొత్తగా పోయిన మనిషి."

"పెద్దదానివి, నువ్వు ముందు."

"చిన్నదానివి, నీకు నడుం వంగుతుంది, నువ్వు ముందు."

అలా నువ్వంటే నువ్వని గేటు దాకా వచ్చారు. వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు కూడా, అవును సువార్తమ్మే ముందు వెళ్ళాలి అన్నారు. ఎందుకన్నారో ఈమెకు అర్థం కాలేదు.

శనివారం పొద్దున్నే సున్నం తడిపింది. తాటిమట్ట చివర దంచి కుంచె చేసింది. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపింది. అంతా చేసి గుమ్మంలో నిలబడింది, ఎవరైనా బయల్దేరుతారేమో, వాళ్ళు వదిలినవాటిలో వెతుక్కోవచ్చు అని. ఎవరూ కదల్లేదు. మార్తమ్మ గుమ్మంలోనూ సున్నం కుండ ఉంది. ఆవిడా నిలబడి ఇటే చూస్తోంది. పొద్దు నెత్తి మీదికి వచ్చింది, పడమటికి వాలింది. ఇక ఆగలేక సువార్తమ్మ కుండ చంకన పెట్టుకుని ఒక్కతే వెళ్ళింది.

వరస మధ్యలో ఒక దిబ్బ చూసుకుంది. ఇదే అయ్యుంటుంది అనుకుని మట్టి ఎగదోసి, అలికి, చిక్కగా సున్నం వేసింది. లేచి నిలబడి చూసింది. అబ్బే, ఇది పొడుగు, అత్త పొట్టి మనిషి. పక్కదానికి వేసింది. వేశాక, అత్తను పెట్టినప్పుడు ఏటి చప్పుడు దగ్గరగా వినపడింది కదా అని ఇంకోదానికి వేసింది. అయినా మనసు కుదుటపడలేదు. అత్తా, నువ్వేనా? అత్తా, నువ్వేనా? అంటూ ఒక్కోదాని ముందూ మోకాళ్ళ మీద కూర్చుంది. సున్నం అడుగంటింది. ఏటికి పరుగెత్తి నీళ్ళు తెచ్చి పలచన చేసింది. పలచనది కూడా అయిపోతే కుండ కడిగిన నీళ్ళు పోసింది. ఏ ఒక్కటి వదిలినా అదే అత్తదవుతుందేమో, చీకట్లో ఉండిపోతుందేమో! మసక పడేసరికి కింది వరస మొత్తం అయిపోయింది. జుట్టు నిండా సున్నం, మొహం నిండా సున్నం, చీర నిండా సున్నం.

అప్పుడే జోజి తాత గట్టు దిగుతున్నాడు. సమాధుల మధ్య నుంచి తెల్లటి ఆడమనిషి ఒకతె లేచి నిలబడింది. తాత చుట్ట ఒకవైపు పడింది, తువ్వాలు ఒకవైపు పడింది. "ఒక రోజు ముందే లేచేశారు దేవుడో!" అని కేకలేస్తూ పేట వైపు పరుగో పరుగు. నవ్వకండర్రా, మీ తాత నిద్ర లేస్తాడు.

ఇంటికొచ్చి స్నానం చేసి పడుకుంది కానీ నిద్ర రాలేదు. ఒక మనిషికి వెయ్యమంటే ఊరందరి వాళ్ళకూ వేశాను, రేపు ఆ సమాధుల వాళ్ళు వచ్చి మా సమాధి నువ్వెందుకు ముట్టుకున్నావంటే ఏం చెప్పను? కొవ్వొత్తి ఒకటే ఉంది, ఎక్కడ పెట్టను? అటు దొర్లింది, ఇటు దొర్లింది.

కోడి కూసింది. పాటలు పాడుకుంటూ అందరూ తోటలోకి వచ్చారు. కింది వరస దగ్గరికి రాగానే పాట ఒక్కొక్క గొంతులోనూ ఆగిపోయింది. వరసంతా తెల్లగా ఉంది. నడిమివి పాల మీగడలా, చివరివి పలచటి మజ్జిగలా. సువార్తమ్మ తలొంచుకుని తిట్లకోసం నిలబడింది.

మార్తమ్మ మెల్లగా దగ్గరికొచ్చి, చెవిలో అనబోయింది కానీ ఆవిడ గొంతు పెద్దది, అందరికీ వినపడింది. "ఒసేయ్ సువార్తా, మీ అత్త ఏదో చూపించవే తల్లీ. దాని పక్కదే మా ఆయన."

"నాకు తెలీదు పిన్నీ" అని ఈమె భోరుమంది. "తెలీకే అన్నిటికీ వేశాను."

"నీకూ తెలీదా!" అంది మార్తమ్మ. మీకూ తెలీదా అని వెనకాల ఇంకొకామె, మాకూ తెలీదని మరొకాయన. ఉపదేశిగారు మెల్లగా, మా నాన్నది కూడా అంతే అన్నాడు. నువ్వు వేస్తే చూసి వేద్దామని అందరం కాచుక్కూర్చున్నామే అంది మార్తమ్మ. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు మార్తమ్మే నవ్వింది. తర్వాత తోట తోటంతా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ.

అయ్యగారు తెరిచిన బైబిలు మూసి చంకలో పెట్టుకున్నాడు. మొదటి ఈస్టరు కూడా ఇలాగే మొదలైందమ్మా అన్నాడు. బైబిల్లో మరియమ్మ కూడా చీకటితోనే ప్రభువు సమాధి ఉన్న తోటకు వచ్చి, ఆయన్ని ఎక్కడ పెట్టారో తెలియడం లేదని ఏడ్చింది. ఆమెకు చోటు తెలియలేదు. తిరిగి లేచి అక్కడ నిలబడ్డ ప్రభువుకు మాత్రం ఆమె పేరు తెలుసు. మన వాళ్ళ పేర్లూ ఆయనకు తెలుసు, ఏరు ఎత్తుకుపోయింది కర్రముక్కల్నే అన్నాడు.

ఇక ఎవరి ముందు ఏ దిబ్బ ఉంటే దానికి కొవ్వొత్తి పెట్టారు. మార్తమ్మ ఒకటి వెలిగించి, ఎవరివో గాని నాయనా, మా ఆయన పక్కనే ఉంటే కాస్త వెలుగు అటు పోనీ అంది. అందరూ సంతోషంగా పాట అందుకున్నారు. తెలియదు అని ఒక్కమాట ముందే ఒకరితో ఒకరు అనుకుని ఉంటే, అన్ని రోజులు ఎవరికి వాళ్ళు కుమిలిపోయేవాళ్ళు కాదు. మీరూ గుర్తు పెట్టుకోండి. కథ ఏటి వెంట అది వెళ్ళిపోయింది, మనం నిద్ర వెంట వెళ్దాం.

ఏంటి షారోనూ? సువార్తమ్మ కొవ్వొత్తా?

ఆమె ఎక్కడా పెట్టలేదమ్మా. ఏది అత్తదో తెలియదు, ఒక్కదానికే పెట్టడానికి మనసు రాలేదు. చేతిలోనే పట్టుకుని, గాలికి కొంగు అడ్డం పెట్టి, వరస మొదటి నుంచి నడవడం మొదలుపెట్టింది. ఒక్కో దిబ్బ ముందూ ఆగి, కొవ్వొత్తి కిందికి దించి, తెల్లారిందత్తా అని చెప్పి పక్కదానికి వెళ్ళింది. మైనం వేళ్ళ మీద కారినా ఆగలేదు. అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు, ఏటి మీదికి ఎండ వచ్చింది. ఆమె మాత్రం ఆఖరి దిబ్బ దాకా వెళ్ళి, అక్కడా చెప్పింది.