నికెల్ పలకకు రెండు చెవులు

సత్యవేణికి అబద్ధం రాయాల్సిన అవసరం మొదటిసారి వచ్చింది. అదీ ఒక మంచిమనిషి కోసం వచ్చింది.

ఆమె విశాఖపట్నం రేవులో కస్టమ్స్ బ్రోకరు. ఓడలోంచి దిగిన సరుకు ఏ పేరు కిందికి వస్తుందో తేల్చి, దానికి తగ్గ సుంకం కట్టించి, యజమానికి విడిపించి ఇవ్వడం ఆమె పని. టారిఫ్ పుస్తకం ఆమెకు కంఠతా వచ్చు. ఏ లోహం గురించి అడిగినా తడుముకోకుండా అప్పజెప్పేది. అప్పజెప్పి, ఎదుటివాళ్లు ఆశ్చర్యపోయారా లేదా అని మొహం చూసేది. ఆ చూపు ఆమె గురువుకు అంతగా నచ్చేది కాదు గానీ, ఆయన ఎప్పుడూ పైకి అనలేదు.

ఆ గురువు పేరు సన్యాసిరావు. పేరుకే సన్యాసి. వంకాయలు లేతవో ముదురువో తేల్చుకోవడానికి కూరలబండి దగ్గర అరగంట నిలబడగలడు, బండివాడు విసుక్కున్నా సరే. జీవితమంతా రేవులో సరుకులు తేల్చి తేల్చి, ఇప్పుడు ఇంటిపట్టున ఉండి తన వంట తనే చేసుకుంటున్నాడు. రేవులో అందరికీ ఆయన మాస్టారు.

ఆ ఉదయం సత్యవేణి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"జగ్గారావు గారి సరుకు ఆగిపోయింది, మాస్టారూ."

జగ్గారావుకు ఆటోనగర్లో చిన్న షెడ్డు ఉంది. కుళాయిలకూ సైకిల్ హ్యాండిళ్లకూ నికెల్ పూత వేస్తాడు. తొట్టెల్లో నికెల్ అయిపోయింది. పనివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారు. తెప్పించుకున్న నికెల్ పలకలేమో రేవు గోదాములో ఉండిపోయాయి.

చిక్కంతా ఆ పలకల చెవులతో వచ్చింది. ఒక్కో పలకకు పై అంచున రెండేసి చెవులున్నాయి, కొక్కేనికి తగిలించుకోవడానికే పెట్టినట్టు. ముడి నికెల్ అయితే సుంకం తక్కువ. పూత తొట్టెలో వేలాడదీయడానికి సిద్ధం చేసిన పలక అయితే అది తయారైన వస్తువు, సుంకం ఎక్కువ. అంత సుంకం కట్టాలంటే జగ్గారావు షెడ్డుకు తాళం వేసుకోవలసిందే.

"కస్టమ్స్ అధికారి ఏమన్నారమ్మా?" అన్నాడు మాస్టారు.

"చెవులున్నాయి, పోయేది పూత తొట్టెలోకి, ఇంక తయారైన వస్తువు కాక ఏమిటి అన్నారు. నా మాట కూడా సాయంత్రంలోగా రాసిమ్మన్నారు. నాకూ అదే నిజం అనిపిస్తోంది. నిన్న జగ్గారావు గారు నా చేతులు పట్టుకున్నారు, మాస్టారూ. 'ముడిదని ఒక్క ముక్క రాసీ తల్లీ, నా షెడ్డు నిలబడిపోద్ది' అన్నారు. రాస్తే అబద్ధం. రాయకపోతే ఆయన వీధిన పడతారు. నన్నేం చెయ్యమంటారు?"

మాస్టారు కత్తిపీట వాల్చుకుని కూర్చుని, బుట్టలోంచి ఒక ఆనపకాయ తీశాడు. లేత కాయ. తొడిమ ఇంకా పచ్చగానే ఉంది.

"ఇదేమిటి?"

"ఆనపకాయ."

"ఎందుకు కొన్నాను?"

"కూరకి."

"అయితే ఇది కూరా?"

సత్యవేణికి ఒళ్లు మండింది. "నా పీకల మీదికి వచ్చి నేను ఏడుస్తుంటే మీకు కూర గొడవేమిటి మాస్టారూ? పొయ్యి మీద ఉడికాక కూర. ఇప్పుడు ఉత్త కాయ!"

మాస్టారు బుద్ధిగా తల ఊపాడు. తొడిమ పట్టుకుని కాయను ఆమె కళ్ల ముందు వేలాడదీశాడు.

"పట్టుకోవడానికి భలే వీలుగా ఉంది కదూ? ఈ తొడిమ నాకోసం పెట్టించారంటావా?"

"మీకోసం ఎవరు పెడతారు? పాదు మీద వేలాడేటప్పుడు..."

మాట సగంలో ఆగిపోయింది.

మాస్టారు తొడిమ కోసి పక్కన పడేసి చెక్కు తీయడం మొదలుపెట్టాడు. సత్యవేణి ఆ తొడిమను తీసి చూసింది. కాయ ఎక్కడ మొదలయిందో, తొడిమ ఎక్కడ ఆగిందో తెలియకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంది. చూసి, గబగబా వెళ్లి చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"భోజనానికి వచ్చెయ్," అని లోపలి నుంచి వినిపించింది. "పాలు పోసి వండుతున్నాను."

గోదాములో ఆ పలకల్ని ఆమె అంతకుముందే చూసింది. పొడవు కొలిచింది, మందం కొలిచింది, అద్దం పెట్టి అంచులు కూడా పరీక్షించింది. చెవుల్ని మాత్రం దూరం నుంచి చూసి, వేలాడదీయడానికి అని తేల్చేసి వదిలేసింది. ఇప్పుడు నేల మీద చతికిలబడి చెవి మొదట్లో భూతద్దం పెట్టింది.

మర లేదు, బెజ్జం లేదు, తరవాత తెచ్చి అతికిన గుర్తు లేదు. పలక మీద ఉన్న గరుకు పొరే చెవి మొదలును కూడా కప్పేసింది. నికెల్ శుద్ధి చేసేచోట పల్చటి రేకును చెవులతో తొట్టెలో వేలాడదీస్తారు. దాని మీద నికెల్ పొరలు పొరలుగా పేరుకుని పలక అవుతుంది. ఆ సంగతి సత్యవేణికి కొత్త కాదు. చదివింది, పదిమందిలో అప్పజెప్పింది. కళ్లతో చూడలేదు, అంతే.

జగ్గారావుకు ఫోను చేసింది. "బాబాయ్, ఆ చెవులతో మీకు పనేమిటి?"

"సెవులా? ఆటితో మాకేటి పనమ్మా? ముందు అయ్యే కోసి పారేస్తాం. పలకని ముక్కలు సేసి, బుట్టలో ఏసి ముంచుతాం. ఏటయింది తల్లీ, సెవులు పాడైపోనాయా?"

సత్యవేణి నవ్వేసింది. నవ్వుతూంటే కళ్లలో నీళ్లు వచ్చాయి. మూటలు మోసేవాళ్లు, ఈవిడకేమయిందని చూస్తున్నా పట్టించుకోలేదు.

అధికారి వచ్చి, ఆమె చూపించిన చోట తనూ భూతద్దం పెట్టాడు. మరో పలక తీయించి చూశాడు. ఇంకోటి చూశాడు. చెవి మొదట్లో బొటనవేలితో రాసి చూసి లేచాడు. "పలక తయారయ్యేటప్పటివే ఇవి. ముడిదేనండీ. రాసివ్వండి, విడుదల చేస్తాను," అన్నాడు.

గేటు దగ్గర జగ్గారావు ఎదురొచ్చాడు. సంగతి తెలిసినా అతని మొహంలో బెరుకు పోలేదు.

"నాకోసం అబద్దం రాసీసేవా తల్లీ?"

"లేదు బాబాయ్. ఉన్నదే రాశాను."

జగ్గారావు అక్కడే ఉన్న లారీ మెట్టు మీద కూలబడి, తువ్వాలుతో మొహమంతా తుడుచుకున్నాడు. "అయితే రేపు ఎవులొచ్చి అడిగినా బయం నేదన్నమాట," అన్నాడు. మళ్లీ తనలో తనే అన్నాడు. "బయం నేదన్నమాట."

ఆమె తిరిగి వెళ్లేసరికి మాస్టారు రెండు కంచాలు వేసి ఉంచాడు. ఏమయిందని అడగలేదు. ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంది. పుస్తకంలో ఈ చెవుల మాట ఎక్కడుందో నోటిదాకా వచ్చింది, కానీ అప్పజెప్పబుద్ధి కాలేదు.

"మాస్టారూ, ఆ చెవులు..."

ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. గిన్నె మూత తీసి, పొగలు కక్కుతున్న ఆనపకాయ ముక్కలు గరిటెతో ఆమె కంచంలో వేశాడు.

"ఇదిగో," అన్నాడు. "ఇప్పుడు కూర."