మెత్తగా దించే పైలట్

సముద్రం పక్కనున్న ఓ చిన్న ఊరికి రోజూ విమానం నడిపే కెప్టెన్ పట్టాభి మంచివాడే గానీ, పొగడ్తంటే చెవి కోసుకునేవాడు. విమానాన్ని పూలబుట్ట దించినట్టు నేలకు దించేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లు వినందే ఆయనకు అన్నం సహించేది కాదు.

ఓరోజు ఊరి మీద కుండపోతగా వాన. రన్‌వే మీద నీళ్ళు నిలిచాయి. వెనక నుంచి గాలి తోస్తోంది.

"సార్, ఇవాళ గట్టిగా దించేద్దాం. చక్రాలు నీళ్ళను చీల్చుకుని నేలను పట్టుకోవాలి" అంది పక్కన కూర్చున్న పైలట్ హిమజ.

"గట్టిగా దించితే నా పేరేం కావాలమ్మా?" అని నవ్వాడు పట్టాభి.

ఇంకాస్త మెత్తగా, ఇంకాస్త మెత్తగా అనుకుంటూ విమానాన్ని గాల్లోనే తేలనిచ్చాడు. కింద రన్‌వే సగం అయిపోయింది.

"సార్, మళ్ళీ పైకి లేద్దాం" అంది హిమజ.

"అయిపోయిందమ్మా, దిగిపోతున్నాం" అన్నాడాయన.

చక్రాలు ఆనినట్టే తెలియలేదు. వెనక చప్పట్లు మొదలయ్యాయి. కానీ చక్రాలు నీళ్ళ మీద జారుతున్నాయి. ఇద్దరూ కలిసి బ్రేకులు తొక్కినా పట్టు దొరకలేదు. చప్పట్లు కేకలయ్యాయి. రన్‌వే దాటిపోయిన విమానం బురదలో కూరుకుపోయి, ప్రహరీ గోడ ముందు ఆగింది. గోడ అవతల బస్సులు తిరిగే రోడ్డు. దేవుడి దయ, ఒక్కరికీ ఏమీ కాలేదు.

వానలో తడుస్తూ ఓ పెద్దావిడ పట్టాభి చేతులు పట్టుకుంది. "నాయనా, నీ వల్ల బతికాం" అంది. ఆ మాటకు ఆయన తల దించుకున్నాడు. పొగడ్త ముల్లులా గుచ్చుకోవడం ఆయనకు అదే మొదటిసారి.

తర్వాత విచారణ జరిగింది. "కారణాలు చాలా ఉండొచ్చు. వాన, వెనకగాలి, నిలిచిన నీళ్ళు, అరిగిన టైర్లు" అన్నాడు అధికారి. వాన మీదకు నెట్టేస్తే పట్టాభి పేరు నిలిచేది. పక్కనే హిమజ కూర్చుని ఉంది.

"వాన సంగతి నాకు ముందే తెలుసండీ" అన్నాడు పట్టాభి. "తెలిసే మెత్తగా దించబోయాను. ఈ అమ్మాయి చెప్పింది, నేను వినలేదు. మమ్మల్ని కాపాడింది ఆ బురద. రోజూ దానికి దణ్ణం పెట్టుకుంటున్నాను."

కొన్నాళ్ళు ఆయన్ని విమానం ఎక్కనివ్వలేదు. మళ్ళీ శిక్షణ ఇచ్చారు. తిరిగి వచ్చాక హిమజనే పక్కన కూర్చోమని అడిగాడు. "ఈసారి నువ్వు చెప్పు తల్లీ, నేను వింటాను" అన్నాడు.

మళ్ళీ ఓ వానరోజు విమానం ధబ్బున దిగి, చక్కగా ఆగింది. ఒక్క చప్పట్టూ లేదు. దిగేటప్పుడు తలుపు దగ్గర ఆ పెద్దావిడే ఎదురైంది.

"మళ్ళీ నువ్వేనా నాయనా? ఆవేళ బురదలో దించావు, ఇవాళ బండ మీద దించావు. నా నడుం పట్టేసింది" అంది.

"బండ మీద దించితేనే బురద దాకా పోమమ్మా. మిమ్మల్ని మళ్ళీ ఇలా చూడటం నా అదృష్టం" అని పట్టాభి చేతులు జోడించాడు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఆ పూట అన్నం కూడా కడుపునిండా తిన్నాడు.

మన పని మనల్ని నమ్ముకున్నవాళ్ళ క్షేమం కోసం చేయాలి గానీ, వాళ్ళ మెప్పు కోసం కాదు.