దాగుడుమూతల మాంత్రికుడు

ఏడు సముద్రాలూ ఇంకా ఉప్పెక్కని రోజుల్లో కుందనపురాన్ని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మణికేతుడికి ఇందుమాల అనే రాకుమారితో పెళ్ళి కుదిరింది. ఇంతలో దంభోళుడనే మాంత్రికుడు ఆమెను ఎత్తుకుపోయాడు. తీసుకొస్తానని పెద్దన్న వెళ్ళాడు, తిరిగి రాలేదు. నడిపన్న వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇక మణికేతుడు బయలుదేరాడు.

ఒడ్డున వలలో చిక్కిన ముసలి తాబేలును అతను విడిపించాడు. అది అతన్ని వీపున ఎక్కించుకుని సముద్రాలు దాటిస్తూ చెప్పింది.

"దంభోళుడి ప్రాణం పంజరంలోని చిలకలో ఉంది నాయనా. ఐదేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. ఆ దుఃఖం ఓర్చుకోలేక, ప్రాణం తీసి చిలకలో దాచేశాడు. ఒళ్ళు పెరిగింది గానీ మనసు అక్కడే ఆగిపోయింది."

"ఎన్నేళ్ళయింది తాతా?"

"అప్పుడు నేను గుడ్డులోంచి కొత్తగా బయటికొచ్చాను."

తాబేలు మణికేతుణ్ణి మాంత్రికుడి దీవి ఒడ్డున దింపింది.

దీవిలో దంభోళుడు తాటిచెట్టంత ఎత్తున నిలబడి ఉన్నాడు. ఇందుమాల పక్కనే అన్నలిద్దరూ రాళ్ళై ఉన్నారు.

"దాగుడుమూతలు ఆడదాం. నన్ను పట్టుకుంటే పిల్లనిస్తా" అన్నాడు మాంత్రికుడు.

అని ఎలా దాక్కున్నాడో తెలుసా? రెండు చేతులతో మొహం మూసుకున్నాడు, అంతే. తనకేమీ కనబడకపోతే తనూ ఎవరికీ కనబడననుకున్నాడు పాపం. నవ్వకండర్రా, మీరూ చేసినవాళ్ళే.

"దొరికావని అనకండి. అన్నందుకే మీ అన్నల్ని ఉక్రోషంతో రాళ్ళు చేశాడు" అని ఇందుమాల గుసగుసలాడింది.

మణికేతుడు చప్పుడు చెయ్యకుండా చెట్టుకు వేలాడుతున్న పంజరం తెరిచి చిలక మెడ పట్టుకున్నాడు. చిలక పసివాడి గొంతుతో "అమ్మా" అంది. ఇక అతనికి చెయ్యి ఆడలేదు.

అప్పుడు ఇందుమాల ఒక జామకాయ కోసింది. పైటకొంగు కప్పి కొరికి, కాకెంగిలి చేసి, మాంత్రికుణ్ణి పిలిచి సగం ఇచ్చింది. వాడు అది మింగేసి ఆమె సగం కూడా లాక్కున్నాడు. ఆమె ఇంకోటి కొరికి ఇచ్చింది. ఈసారి లాక్కోలేదు, ఆమె తింటుంటే చూస్తూ కూర్చున్నాడు. మూడోసారి తనే కొంగు అడిగి కప్పుకుని కొరికాడు. చిన్న ముక్క ఉంచుకుని, పెద్ద ముక్క ఆమెకిచ్చాడు.

ఆ క్షణాన ప్రాణం చిలకను వదిలి వాడి గుండెలో చేరింది. ఉత్త చిలక ఎగిరిపోయింది. దంభోళుడు అమ్మ కోసం ఏడ్చాడు. అన్నేళ్ళుగా దాచుకున్న ఏడుపది. ఏడు సముద్రాలూ ఉప్పెక్కింది ఆరోజే.

ఏడ్చి లేచాక వాళ్ళ కళ్ళముందే ఎదగడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి కుర్రవాడై, తానెత్తుకొచ్చిన పిల్ల మొహం చూడలేక సిగ్గుతో తలదించుకున్నాడు. పొద్దు వాలేసరికి నడివయసువాడై రాళ్ళ కాళ్ళు పట్టుకుని "తప్పు చేశాను బాబూ" అన్నాడు. రాళ్ళు కదిలి అన్నలయ్యాయి. సంధ్యవేళకు తల నెరిసి, నడుం వంగి, మనిషంత మనిషయ్యాడు. ఒక నిండు జీవితం ఒక్క పూటలో నడిచి వెళ్ళడం చూసి, మణికేతుడు తెలియకుండానే చేతులు జోడించాడు.

"నాకెవరూ లేరు" అన్నాడు ముసలాయన.

"మాతో రండి తాతా" అంది ఇందుమాల.

పెళ్ళి జరిగింది. వాళ్ళు చల్లగా, చాలా కాలం రాజ్యమేలారు. కోటలో వాళ్ళ పిల్లలతో తాత రోజూ దాగుడుమూతలు ఆడేవాడు. పెరటి మధ్యన కూర్చుని రెండు చేతులతో మొహం మూసుకునేవాడు.

"దొరికావు తాతా" అని పిల్లలు మీద పడేవారు.

"అయ్యో, ఎలా కనిపెట్టారర్రా?" అనేవాడు. బతికున్నన్నాళ్ళూ ఒక్క ఆటా గెలవలేదు.