ఆ నంబరులో పలికింది ఎవరు?

రోజూ చేసే కంప్యూటరు పని దానంతటదే జరిగిపోయేలా కంబగిరి రాసిన షెల్ స్క్రిప్టు నలభై రోజుల పాటు ఒక్క తప్పూ చేయలేదు. దాంతో అతనికి కాస్త తలకెక్కింది.

నల్లమల అంచున ఉన్న రామలింగమ్మ అవ్వ ఆశ్రమంలో అతను శిష్యుడు. అయినవాళ్ళను పోగొట్టుకున్న జనం ఎక్కడెక్కడి నుంచో ఆశ్రమం వెబ్‌సైటు తెరిచి, తమ బాధ నోటితో చెప్పుకుంటారు. అవ్వ విని, తనూ నోటితోనే బదులిస్తుంది. పొద్దున మూడు గంటలసేపే ఆ పని. అందుకని క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న సర్వర్‌ను రోజూ లేపుతారు, పని కాగానే పడుకోబెడతారు. లేచిన ప్రతిసారీ దానికి కొత్త నంబరు వస్తుంది. పాత నంబరు ఇంకెవరి సర్వర్‌కో పోతుంది. ఆశ్రమం పేరు కొడితే ఏ నంబరుకు చేరాలో డీఎన్ఎస్ పట్టికలో రోజూ మార్చి రాయాలి.

మొదట్లో కంబగిరి ఇదంతా చేత్తోనే చేసేవాడు. నంబరు మార్చాక తనే ఆశ్రమం పేరు కొట్టి లోపలికి వెళ్ళి, అందులో దాచి ఉంచిన అవ్వ పాత మాట ఒకటి విని, మన సర్వరే అని తేల్చుకున్నాకే లేచేవాడు. స్క్రిప్టు వచ్చాక ఆ వినడం పోయింది. అది సర్వర్‌ను లేపేది, నంబరు రాసేది, ఆ నంబరును ఉన్నావా అని తట్టేది. జవాబు రాగానే "అంతా సవ్యం" అని రాసుకునేది. కంబగిరి మాత్రం పెళ్ళివంటలు చూసుకునే పెదనాన్నలా చేతులు వెనక్కి కట్టుకుని అరుగు మీద తిరిగేవాడు.

ఇంక తనతో పనేలేదని అవ్వతో కూడా చెప్పాడు. అవ్వ నవ్వింది.

ఒక మధ్యాహ్నం ఆదోని నుంచి జయంతమ్మ అనే ఆమె వచ్చింది. చేతిలో ఇస్త్రీ చేసిన చొక్కా ఉంది. రెండేళ్ళ కిందట తప్పిపోయిన కొడుకుదట. వాణ్ణి పిలవమంది. నీ కొడుకు ఇక్కడే ఉన్నాడు, వచ్చి తీసుకుపో అని మూడు రోజుల కిందట వెబ్‌సైటులో అవ్వే తనతో చెప్పిందంది.

ఆమె చెప్పిన ఆ రోజు అవ్వకు మౌనవ్రతం. ఎవరితోనూ మాట్లాడలేదు.

కంబగిరి పరుగున వెళ్ళి స్క్రిప్టు రాసుకున్న చిట్టా చూశాడు. ఆ పొద్దున సర్వర్ లేవనే లేదు. కొత్త నంబరు రాకపోయేసరికి స్క్రిప్టు ముందు రోజు నంబరునే తట్టింది. అక్కడ ఎవరో పలికారు. అంతా సవ్యం అని రాసేసుకుంది. ఇప్పుడు తడితే ఆ నంబరులో ఎవరూ లేరు.

జయంతమ్మ ఫోనులో మాత్రం ఆ మాట మిగిలే ఉంది. అవ్వ గొంతే. కానీ అంతసేపట్లో ఆ గొంతు ఒక్కసారి కూడా ఊపిరి తీసుకోలేదు.

ఆయమ్మకు నిజం నువ్వే చెప్పాల అంది అవ్వ. కంబగిరికి భయమేసింది. ఆ తల్లి మొహం చూడలేననుకున్నాడు.

"నా తప్పేముందవ్వా? తట్టితే పలికింది. పలికినాక ఎవురైనా నమ్ముతారు కదా."

అవ్వ వాదించలేదు. "అట్లనా. నేను వంకలో నీళ్ళ దాకా పోయొస్తా. నువ్వీ గదిలో తలుపేసుకుని కూచో. నేను పిలిచినాక రా. ఇద్దరం పోయి చెబుదాం."

కంబగిరి తలుపేసుకున్నాడు. కాసేపటికి బయటినుంచి "కంబగిరీ" అని వినిపించింది. వస్తున్నానవ్వా అంటూ బయటికి వచ్చాడు.

ఎండ మండిపోతోంది. వాకిట్లో అవ్వ లేదు. దూరంగా వంక దారిలో అటు తిరిగి మెల్లగా నడుస్తోంది. అక్కణ్ణుంచి పిలిస్తే గదిలోకి వినపడదు. పరుగెత్తి ఆమెను అందుకున్నాడు.

"ఎందుకొచ్చినావు నాయనా?"

"నువ్వే పిలిస్తివి కదవ్వా."

అవ్వ అతని మొహంలోకి చూసింది.

"నేనింకా పిలవలేదు."

అప్పుడే కంబగిరి వెనకనుంచి, తను ఇందాక ఖాళీ చేసి వచ్చిన గదిలోంచి, అంత దూరానికీ స్పష్టంగా మళ్ళీ "కంబగిరీ" అని వినిపించింది. అవ్వ గొంతే. ఎదురుగా అవ్వ పెదాలు కదల్లేదు.

ఈసారి అతను పలకలేదు. వెనక్కి నడిచి, ఆ గది దాటి, జయంతమ్మ కూర్చున్న అరుగు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నీతో మాట్లాడింది అవ్వ కాదు. ఎవురో నాకు తెలీదు. ఎవురని అడగాల్సింది నేను. అడగలేదు."