చుక్క మెడ మీది గుప్పెడు ఉన్ని

అనగనగా, గొర్రెలు మాట్లాడే కాలంలో ఒక చిన్న పల్లె ఉండేది. గొర్రెలు ఇప్పుడూ మాట్లాడతాయి లెండి, వినే తీరికే మనకు లేదు. ఆ పల్లె చుట్టూ రాతిగుట్టలు, గుట్టల మీద గడ్డి, గడ్డిలో గొర్రెలు. అక్కడ ఆడవాళ్ళు ఇళ్ళల్లో ఉన్ని వడికేవారు. మగవాళ్ళు ఆ దారంతో గొంగళ్ళు నేసేవారు.

ఆ పల్లెలో నాగక్క, ఈరన్న అని ఆలుమగలు ఉన్నారు. నాగక్క వడుకుతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలవు. ఒక చేత్తో ఉన్ని వదిలేది, ఒక చేత్తో కదురు తిప్పేది, నోటితో మొగుణ్ణి తిట్టేది. మూడు పనులూ ఒకే వేగంతో సాగేవి. ఈరన్న మగ్గం మీద కూర్చుని నవ్వుకునేవాడు.

"మీ ఇంటామె దారమైనా తెగుతుందేమో గానీ మాట తెగదు కదయ్యా" అని ఇరుగుపొరుగు ఆట పట్టించేవారు.

"ఆ మాట ఆగితేనే నాకు దిగులు, ఒంట్లో బాగాలేదేమోనని" అనేవాడు ఈరన్న.

వాళ్ళింట్లో చుక్క అనే గొర్రె ఉండేది. ఒళ్ళంతా నలుపు, నుదుట తెల్లని మచ్చ. ఆ పల్లెల్లో కూతుర్ని అత్తవారింటికి పంపేటప్పుడు పుట్టింటివారు ఒక గొర్రెపిల్లను తోడిచ్చి పంపేవారు. నాగక్క కొత్త కోడలిగా ఈ గుమ్మంలో కుడికాలు పెట్టినప్పుడు, ఆమె చంకలో ఉన్న పిల్లే ఈ చుక్క. అందుకే అది నాగక్కను "అక్కా" అనీ, ఈరన్నను "బావా" అనీ పిలిచేది. పుట్టిల్లు గుర్తొచ్చి ఏడుపు వచ్చినప్పుడల్లా నాగక్క దాని మెడలోనే ముఖం దాచుకునేది.

ఏళ్ళు గడిచాయి. చుక్క ముసలిదైంది. పళ్ళు ఊడాయి, మోకాళ్ళు వంగాయి, మెడ మీది నల్లని ఉన్ని నెరిసింది. మందలో ఉన్నవన్నీ దాని పిల్లలూ, పిల్లల పిల్లలే.

ఏటా చలికాలంలో ఊరి దగ్గరి గడ్డి అయిపోయేసరికి మందలన్నీ, వాటి వెంట మనుషులూ మేత కోసం పై గుట్టలకు పోవాలి. గుట్ట ఎక్కలేని గొర్రెను సంతలో కసాయికి ఇచ్చి, బదులుగా ఒక పడుచు గొర్రెను తెచ్చుకోవడం ఆ పల్లె ఆనవాయితీ. ఒక ఉదయం ఈరన్న మగ్గం దగ్గర తల వంచుకుని చెప్పాడు.

"నాగీ, ఈసారి చుక్కను ఇచ్చెయ్యక తప్పదే. అది గుట్ట ఎక్కలేదు. ఇక్కడ ఒంటరిగా వదిలేస్తే తోడేళ్ళు వదులుతాయా? కసాయికి మాటిచ్చాను."

నాగక్క కదురు ఆగింది. నాగక్క నోరు కూడా ఆగింది. ఈరన్నకు నిజంగానే దిగులు పట్టుకుంది.

అదే సమయంలో ఆ దేశపు రాజుగారికీ ఒక చిక్కు వచ్చిపడింది. లేక లేక పుట్టిన కొడుకు చలికి నిద్రపోవడం లేదు. పట్టు కప్పితే జారిపోతుంది. నూలు దుప్పటికి చలి ఆగదు. గొంగడి కప్పితే గుచ్చుకుంటోందని గుక్కపెట్టి ఏడుస్తాడు. "రాజ్యమంతా నా మాట వింటుంది, ఈ జానెడు మనిషి తప్ప" అని రాజుగారు బిడ్డను భుజాన వేసుకుని అంతఃపురమంతా తిరిగేవారు. ముసలి రాజమాత మనవణ్ణి ఎత్తుకోబోతే దాదులు అడ్డుపడేవారు. "మీ చేతులు గరుకమ్మా, బాబుకు ఒరుసుకుంటాయి" అనేవారు. ఆవిడ చేతులు కొంగులో దాచుకుని ఒక మూల కూర్చునేది.

చివరికి పల్లెపల్లెకూ దండోరా వేయించారు.

"వినండహో! యువరాజుకు మెత్తని గొంగడి కావాలహో! ఇంట్లో చేత్తో వడికిన ఉన్నే కావాలహో! లేత పిల్లల తొలి ఉన్ని తప్ప వేరే ఉన్ని కలపరాదహో! మెప్పించినవారు ఏది కోరితే అది ఇస్తారహో!"

నాగక్కకు పోయిన నోరు తిరిగి వచ్చింది. "ఏమయ్యో, లే! మగ్గం సిద్ధం చెయ్యి. నేను కోరుకునేది చుక్కనే. రాజు మాట ముందు ఆనవాయితీ ఎంత, నీ కసాయి ఎంత!"

ముందు లేత పిల్లల తొలి ఉన్ని తీసింది. వేళ్ళతో విప్పి, దూది ఏకినట్టు ఏకి, దారం వడికింది. చెంపకు ఆనిస్తే వెన్నే. ఈరన్న ఆ దారానికి చింతగింజల గంజి పట్టించి మగ్గానికి ఎక్కించాడు. ఒక్క గుంజు గుంజాడో లేదో, టప్‌మని ఒక పోగు తెగింది. ముడి వేశాడు. పక్కనే ఇంకొకటి తెగింది.

"ఇది దారమా, సాలెగూడా? దీని మీద ఈగ వాలినా తెగేట్టుందే" అన్నాడు ఈరన్న.

"మగ్గం గుంజడం రానివాడికి దారం మీద కోపం" అంది నాగక్క. అన్నది గానీ తప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. లేత ఉన్ని పీచు పొట్టిది. ఒక పీచు ఇంకో పీచును పట్టుకుని నిలవలేకపోతోంది.

రెండోసారి అదే ఉన్నికి పురి ఎక్కువ పెట్టింది. కదురును గిరగిరా తిప్పి, పురి మీద పురి ఎక్కించింది. ఈసారి దారం తెగలేదు. కానీ మెలికలు తిరిగి తనలో తనే చుట్టుకుంది. నేస్తే గొంగడి గోనెపట్టాలా బిగుసుకుపోయింది.

ఈరన్న దాన్ని వీపుకు రాసుకుని చూశాడు. "బాబుకు పనికిరాదు గానీ నాగీ, నా వీపు దురదకు మాత్రం దీన్ని మించింది లేదు."

ఇంకెప్పుడైనా అయితే నాగక్క ఈ మాటకు గరిటె విసిరేది. ఆ పూట విసరలేదు. దొడ్లోకి వెళ్ళి చుక్క మెడలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. సంత దగ్గరపడింది.

అప్పుడు చుక్క మాట్లాడింది. "అక్కా, పిల్లల ఉన్ని మెత్తన, నిజమే. కానీ లేతవాళ్ళంతా ఒకచోట చేరితే ఆడుకుంటారు గానీ, బరువు మోస్తారా? నా మెడ మీది ఉన్ని పొడుగు. నాలుగు గుప్పెళ్ళకు ఒక గుప్పెడు నాది కలుపు. తొడ దగ్గరిది మాత్రం వద్దు, అది ముల్లులా గుచ్చుతుంది."

"దండోరాలో వేరే ఉన్ని కలపరాదన్నారే!"

"ఎలాగూ నన్ను సంతకు తోలుతారు కదా. ఆ ఉన్ని కూడా నాతోపాటు పోవడం ఎందుకు? దాన్నైనా నీ చేతిలో ఉండనీ అక్కా."

నాగక్క గుండె నీరైపోయింది. కత్తెర తెచ్చి, నొప్పి తగలకుండా, చుక్క మెడ మీది ఉన్ని గుప్పెడు తీసింది. దాన్ని లేత ఉన్నిలో కలిపింది. వేళ్ళతో లాగి, పరిచి, మళ్ళీ కలిపి, ఏది పిల్లలదో ఏది అవ్వదో తెలియకుండా పోయేదాకా కలిపింది. పురి ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా వడికింది.

ఈరన్న మగ్గం గుంజాడు. తెగలేదు. ఇంకాస్త గుంజాడు. తెగలేదు. అంచు నుంచి అంచుకు నేత సాగిపోయింది. గొంగడి దించి చూస్తే నల్లని మెత్తదనంలో అక్కడక్కడ వెండిలా నెరుపు మెరిసింది. ఈరన్నకు అర్థమైంది. దొడ్డివైపు తిరిగి, "నువ్వు కలిశావా ఇందులో?" అన్నాడు.

"ఈ ఇంట్లో నేను కలవనిది ఏముంది బావా?" అంది చుక్క.

ఈరన్న కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

ఆలుమగలు గొంగడి తీసుకుని రాజధానికి బయలుదేరారు. దారి పొడుగునా ఈరన్న నూరిపోస్తూనే ఉన్నాడు. "ఆ నెరుపు చూసి ఏమిటని అడిగితే పొయ్యిలో బూడిద అంటుకుందని చెప్పు. నీ నోటికి నేను దండం పెడతా, ఎక్కువ మాట్లాడకు."

కొలువులో రాజుగారు బిడ్డను భుజాన వేసుకుని నిలబడి ఉన్నారు. కళ్ళు ఎర్రబడ్డాయి, కిరీటం ఒక పక్కకు ఒరిగింది. ముందుగా మందల మోతుబరి లేత ఉన్ని గొంగడి కప్పాడు. యువరాజు ఒక్క తన్ను తన్నాడు, పాదం గొంగడిలోంచి బయటికి వచ్చేసింది. తరువాత ఒక షావుకారు బిగువు పురి గొంగడి కప్పాడు. యువరాజు పెట్టిన ఏడుపుకు కోట మీది పావురాలన్నీ ఎగిరిపోయాయి. మూడోది నాగక్క గొంగడి. మంత్రి రాజుగారి పక్కనే నిలబడి దాన్ని వెలుతురులోకి పట్టుకుని చూశాడు.

"ఏమమ్మా, ఈ నెరుపేమిటి? అప్పుడే పుట్టిన పిల్లకు వెంట్రుకలు నెరుస్తాయా?"

ఈరన్న మోచేత్తో పొడిచాడు. బూడిద అంటే చాలు, గండం గట్టెక్కుతుంది. నాగక్క నోరు తెరిచింది. చుక్క గుర్తొచ్చింది. చుక్కను దక్కించుకోవడానికి, ఆ చుక్కనే బూడిద అనాలా?

"దొరా, అది మా ముసలి గొర్రె ఉన్ని" అంది నాగక్క. "అది లేకుండా రెండుసార్లు వడికాను, నిలవలేదు. కలపరాదని విన్నాను. విని కూడా కలిపాను. తప్పయితే నాది. ఆ ఉన్నిది మాత్రం తప్పు లేదు."

"ఆజ్ఞ మీరావు. తీసుకుని వెళ్ళు" అన్నాడు మంత్రి.

నాగక్క కళ్ళ ముందు సంత కనిపించింది. గొంగడి అందుకోబోయింది. అది రాలేదు. రాజుగారి భుజం మీది యువరాజు అప్పటికే ఒక అంచు పిడికిట పట్టాడు. మంత్రి మెల్లగా లాగాడు, బిడ్డ వదలలేదు. గట్టిగా లాగాడు, బిడ్డా వదలలేదు, గొంగడీ చిరగలేదు. యువరాజు ఆ అంచును బుగ్గకు రాసుకున్నాడు. ఒకసారి ఆవులించాడు. తండ్రి భుజం మీదే నిద్రపోయాడు.

కొలువంతా ఊపిరి బిగబట్టింది.

"మంత్రీ, ఆ ఆజ్ఞ ఎవరిది?" అన్నారు రాజుగారు గుసగుసగా.

"తమదే ప్రభూ!"

"ష్, మెల్లగా. అయితే మార్చేశాను పో. అమ్మా, ఏం కావాలో కోరుకో. అది కూడా మెల్లగా."

నాగక్క జీవితంలో మొదటిసారి గుసగుసలాడింది. "మా చుక్కను కసాయికి ఇవ్వకూడదు దొరా. అది మా ఇంట్లోనే, మా కళ్ళ ముందే కన్ను మూయాలి. అంతే."

"ఊళ్ళు అడుగుతావనుకున్నాను. ముసలి గొర్రెనా?"

"దాన్ని గరుకు అంటారు దొరా. కానీ మెత్తనివాళ్ళందరినీ పట్టి ఉంచింది అదే."

రాజుగారు ఆ మాటకు తల తిప్పి కొలువులో ఒక మూలకు చూశారు. అక్కడ తల్లి, చేతులు కొంగులో దాచుకుని కూర్చుని ఉంది. చిన్నప్పుడు తన జ్వరం చూసిన చేతులు అవి. రాజుగారు వెళ్ళి, నిద్రపోతున్న బిడ్డను గొంగడితో సహా ఆ ఒడిలో పెట్టారు. రాజమాత గరుకు చేతులు మనవడి వీపు నిమిరాయి. బిడ్డ లేవలేదు సరిగదా, ఇంకాస్త ముడుచుకుని పడుకున్నాడు.

నాగక్క కోరింది దక్కింది. కసాయికి రాజుగారే కబురు పంపారు. మందలు పై గుట్టలకు బయలుదేరాయి. చుక్క గుట్ట ఎక్కలేదు కదా! అందుకే ఈరన్న దాన్ని భుజాల మీద వేసుకున్నాడు.

"మెల్లగా బావా, మోకాళ్ళు నొప్పి" అంది చుక్క.

"నీవా, నావా?" అన్నాడు ఈరన్న రొప్పుతూ. వెనక నాగక్క కదురు తిప్పుతూ, ఇద్దర్నీ కలిపి తిడుతూ నడిచింది.

ఆ తరువాత ఆ పల్లె ఆనవాయితీ మారింది. నెరిసిన గొర్రెను సంతకు తోలడం మానేశారు. ఏ ఇంట లేత ఉన్ని వడికినా ముందు ముసలి గొర్రె మెడను నిమిరి ఒక గుప్పెడు అడిగి తీసుకునేవారు. దానికి "చుక్క గుప్పెడు" అని పేరు.

కాబట్టి పిల్లలూ, లేత చేతులు ఇంటికి అందం, ముదిరిన చేతులు ఇంటికి బలం. రెండూ కలిపి వడికిన ఇల్లే తెగదు, ఆ నెరుపును దాచుకోకుండా చెప్పుకున్నవారే గెలుస్తారు.