కుంకుడి మెడలో గుదిబండ

అనగనగా అనగానే పిల్లలు ఎంతో పాత సంగతి అనుకుంటారు. ఇది మరీ అంత పాతది కాదు. అడవి ఊరికి ఇంకా దగ్గరగా ఉన్న రోజుల మాట. రేగుపళ్ళు కొనకుండానే దొరికిన రోజులు. పొద్దు వాలిందని గడియారం చూసి కాక, ఇంటికి తిరిగొచ్చే మందల దుమ్ము చూసి తెలుసుకున్న రోజులు.

అలాంటి ఒక అడవి అంచున జకరయ్య అనే ముసలి కాపరి ఉండేవాడు. ఆయనకు ఒక గుడిసె, గుడిసె పక్కన ముళ్ళకంప వేసిన దొడ్డి, దొడ్డి నిండా మేకలు. సాయంత్రం దొడ్డి తడిక మూశాక ఆయన లాంతరు వెలిగించి, పరిశుద్ధ గ్రంథం తీసి పైకి చదివేవాడు. ఒంటరివాడు కదా, వినేవాళ్ళు ఎవరు? మేకలే. నెమరు వేస్తూ వినేవి. దేవుడు నాటిన ఏదెను తోట కథంటే వాటికి ప్రాణం. అంత పచ్చని తోట అంటే ఏ మేకకు ఇష్టం ఉండదు? తినవద్దన్న పండు దగ్గరికి వచ్చేసరికి మాత్రం పేచీ మొదలయ్యేది.

"తినకూడని చెట్టును తోట నడుమ నాటడమేమిటి? నాటాడు పో, చుట్టూ ఇంత కంప కొట్టొచ్చు కదా!" అనేవాడు గడ్డపు మామ. మందలోకెల్లా పెద్ద మేకపోతు అతను. గడ్డం ఎంత పొడుగో, సందేహాలు అంత పొడుగు.

"కంప కొడితే నువ్వు ఊరుకుంటావా మామా? ముందు ఆ కంపే మేస్తావు" అనేవి పిల్లమేకలు.

జకరయ్య నవ్వి పుట మడిచేవాడు.

ఆ దొడ్డిలో ఏ మేక మెడలోనూ గుదిబండ ఉండేది కాదు. ఇప్పుడు గుదిబండ అంటే విసుగెత్తిన పెద్దవాళ్ళు వాడే మాట అయిపోయింది. అప్పట్లో అది నిజంగా ఒక వస్తువు. మూరెడు కొయ్య మొద్దు. దారి తప్పే పశువు మెడకు తాడుతో వేలాడగట్టేవారు. మెల్లగా నడిస్తే ఊరుకుంటుంది. పరుగు తీస్తే మోకాళ్ళకు టకటకా తగులుతుంది. కొన్నాళ్ళకు పశువు పరుగు సంగతే మరిచిపోతుంది. చుట్టుపక్కల కాపరులందరూ కట్టేవారు. జకరయ్య కట్టలేదు.

"నీది మంద కాదయ్యా, తిరునాళ్ళ జనం! ఒక్కటీ ఒక చోట ఉండదు" అని ఎగతాళి చేసేవారు తోటి కాపరులు.

"పొద్దు వాలితే వస్తాయిలే" అనేవాడు ఆయన. పొద్దు వాలగానే గట్టు మీద నిలబడి, "దా... దా... దా!" అని పిలిచేవాడు. పొదల్లోంచీ బండల మీదనుంచీ చెట్లెక్కినవి చెట్ల మీదనుంచీ మేకలు దూకుతూ వచ్చేవి. చూడవలసిన దృశ్యం అది.

ఆ మందలో బొల్లి అనే మేక ఉండేది. నల్లటి ఒంటి మీద తెల్లటి మచ్చలు. దానికి రెండు పిల్లలు. పెద్దది ఎర్రోడు, చిన్నది కుంకుడు. కుంకుడుకాయలా నల్లగా గుండ్రంగా ఉండేది కాబట్టి ఆ పేరు. ఈ కథలో జరిగినదంతా బొల్లి గుండెలో జరిగిందనే చెప్పాలి.

బొల్లికి తీపి జ్ఞాపకం ఒకటుంది. జకరయ్య దగ్గర డేగ అనే కుక్క పెరిగింది. కళ్ళు తెరవని కూనగా ఉన్నప్పుడు దాన్ని పైపంచెలో చుట్టి తెచ్చాడు. ఆ ఏడు చలి ఎక్కువ. మేకపిల్లల మధ్యే పడుకునేది డేగ. ఎర్రోడు దాని చెవులు నమిలేవాడు. డేగ ఊరుకునేది. తెల్లవారి చూస్తే ఏ కాలు ఎవరిదో తెలియనంతగా ముడిపడి నిద్రపోతుండేవారు. ఆ చలికాలం తలుచుకుంటే బొల్లికి ఇప్పటికీ ఒళ్ళు వెచ్చబడుతుంది.

డేగ పెద్దదయింది. జకరయ్య దాని మెడకు గొలుసు వేయలేదు. ఒకనాడు అడవిలో అది కుందేలు నెత్తురు రుచి చూసింది. మర్నాడు ఆలస్యంగా వచ్చింది. తరువాత పిలిచినా రావడం మానేసింది. ఆయన గట్టు మీద నిలబడి మేకలతో పాటు దాని పేరు పెట్టి కూడా పిలుస్తూనే ఉన్నాడు.

ఒక సాయంత్రం ఆ పిలుపుకు మేకలన్నీ వచ్చాయి. ఎర్రోడు రాలేదు.

అడవిలోని వాగు వంకలోకి రమ్మని డేగ పిలిచిందట. చిన్ననాటి నేస్తం కదా, నమ్మి దిగాడట. అంతే. ఇది చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు.

మర్నాడు బొల్లి జకరయ్య ముందుకు వెళ్ళి నిలబడింది.

"తాతా, దాన్ని కూనప్పుడే గొలుసుతో ఎందుకు కట్టెయ్యలేదు?"

"కట్టేస్తే కాపలా కాసేది గొలుసమ్మా, డేగ కాదు. నాకు కుక్క కావాలి. గొలుసు కాదు" అన్నాడు జకరయ్య.

బొల్లి వెళ్ళిపోయింది. కానీ మేత సయించలేదు. మళ్ళీ వచ్చింది.

"పోనీ, ఇప్పుడైనా దాన్ని చంపెయ్. నీ చేతిలో కర్ర ఉంది కదా!"

"నేను పిలుస్తూనే ఉన్నాను బొల్లీ. ఏదో ఒకనాడు వింటుందేమోనని."

బొల్లికి ఒళ్ళు మండింది. "నీ పిలుపు వినడానికి దానికి గడువిస్తావు. ఆ గడువులో నా బిడ్డ పోయాడే! ఆ లెక్క ఎవరు చెప్తారు?"

ఏ జవాబు చెప్పినా ఆ తల్లికి అది జవాబు అయ్యేది కాదు. జకరయ్య తల వంచుకుని, పైపంచెతో కళ్ళు ఒత్తుకున్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు బొల్లి ఏడవలేదు, అరవలేదు. కుంకుడిని ముందుకు నెట్టింది.

"దీనికి గుదిబండ కట్టు తాతా. నాకు మిగిలింది ఇదొక్కటే."

"కడితే ఎక్కడికీ పోదు. నిజమే. కానీ..."

"ఆ కానీలే నా ఎర్రోణ్ణి మింగాయి. నువ్వు కడతావా, పక్క మందకు పొమ్మంటావా?"

జకరయ్య కుంకుడి తల నిమిరాడు. "వద్దని నీ మీద బలవంతం చేస్తే, నీ మెడలో నేను గుదిబండ కట్టినట్టే అవుతుంది. నీ ఇష్టం తల్లీ" అని తుమ్మ మొద్దు ఒకటి చెక్కి కుంకుడి మెడకు కట్టాడు.

బొల్లి గుండె కుదుటపడింది. ఎటు చూసినా కుంకుడు పక్కనే. వంక వైపు వెళ్ళదు. బండ ఎక్కదు. మిగతా పిల్లలు తుమ్మకాయల కోసం కొమ్మలెక్కుతుంటే కింద నిలబడి చూస్తుంది.

"ఏం వదినా, నీ కూతురు భలే బుద్ధిమంతురాలైంది!" అంది పక్క మేక.

"అవును మరి" అంది బొల్లి గర్వంగా.

గడ్డపు మామ మాత్రం గడ్డం ఊపాడు. "బుద్ధి మొద్దుదా, పిల్లదా?"

"నీ నోరు మొయ్యి మామా" అంది బొల్లి.

మొద్దు కొట్టుకుని కుంకుడి మోకాళ్ళు కాయలు కాశాయి. పొద్దు వాలి జకరయ్య పిలిచినప్పుడు మిగతావి దూకుతూ వచ్చేవి. ఇది కాళ్ళు ఈడ్చుకుంటూ వచ్చేది. రాను రాను గంతులు మానేసింది. తరువాత అల్లరి మానేసింది. చివరికి తల్లి పొదుగును కుమ్మడం కూడా మానేసింది. ఆకలేస్తే తాగేది, లేకపోతే నిలబడేది. పక్కనే ఉండేది. పక్కన రాయి ఉన్నట్టు.

ఒక మధ్యాహ్నం పరికిపొద నీడలో బొల్లి అడిగింది.

"కుంకుడూ, అమ్మంటే నీకు ఇష్టమేనా?"

పిల్లలు అబద్ధం చెప్పాలని చెప్పరు, నిజం చెప్పాలనీ చెప్పరు. తోచింది చెప్తారు.

"ఏమో అమ్మా. ఎటూ పోలేను కదా. ఎలా తెలుస్తుంది?"

బొల్లి నోట్లో ఆకు నోట్లోనే ఉండిపోయింది. ఎర్రోడు గుర్తొచ్చాడు. వాడు పొద్దంతా కొండలు పట్టుకుని తిరిగేవాడు. సాయంత్రం ఎక్కడినుంచో పరుగున వచ్చి పొట్టలో తలపెట్టి ఒక్క కుమ్ము కుమ్మేవాడు. నొప్పి పుట్టేది. "గాడిదా!" అని తిట్టేది. ఆ కుమ్ము కోసం ఇప్పుడు ఏమైనా ఇస్తుంది.

ఆ సాయంత్రమే జకరయ్య దగ్గరికి నడిచింది. "విప్పెయ్యి తాతా" అంది. "డేగ ఇంకా అక్కడే ఉందని తెలుసు. అయినా విప్పెయ్యి."

జకరయ్య వంగి ముడి విప్పసాగాడు. తాడు బిగుసుకుపోయింది. లాగుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. మోచేతి దగ్గర లోతైన పళ్ళ గాట్లు.

"అదేమిటి తాతా?"

"డేగ పళ్ళమ్మా. ఎర్రోడి అరుపు విని వంకలోకి దిగాను. విడిపించాను. కానీ వాడిలో అప్పటికే ఊపిరి లేదు."

ఎర్రోడు పోయిన సాయంత్రం ఆయన గుడిసెలో చల్లగా కూర్చున్నాడనుకుంది బొల్లి ఇన్నాళ్ళూ.

"చెప్పలేదేం?"

"నీ కడుపుకోత ముందు నా గాయం గురించి ఏం చెప్పుకోను?" అన్నాడు జకరయ్య. ముడి ఊడింది. మొద్దు కింద పడింది.

కుంకుడికి పరుగు మళ్ళీ అలవాటవడానికి కొన్నాళ్ళు పట్టింది. ముందు బండ ఎక్కింది. తరువాత చెట్టు కొమ్మ. ఒక రోజు వంక దాకా వెళ్ళింది. బొల్లి ఇవతలి గట్టు మీద ఉంది. అవతలి పొదలోంచి డేగ లేచింది.

"ఎర్రోడి చెల్లెలివా? నీ అన్న నా చెవులు నమిలేవాడు తెలుసా?" అంది డేగ మెత్తగా. "రా. లోపల రేగుపళ్ళు రాలి ఉన్నాయి. అక్కడ నిన్ను ఎవరూ పిలవరు. పొద్దు వాలిందని ఎవరూ అరవరు. అంతా నీ ఇష్టం."

కుంకుడు తల వంచి చూసింది. "ఎవరూ పిలవరా?"

"ఎవ్వరూ."

"మరి తప్పిపోయినట్టు నాకెలా తెలుస్తుంది?"

సరిగ్గా అప్పుడే గట్టు మీదనుంచి వినిపించింది. "దా... దా... దా!" కుంకుడు వెనక్కి తిరిగి పరుగు లంకించుకుంది. డేగ దాని మీదికి ఉరికింది. కానీ గట్టు దిగి వంక మధ్యలో జకరయ్య అడ్డుగా వచ్చి నిలబడ్డాడు. కర్ర ఎత్తాడు గాని కొట్టలేదు.

"డేగా! చాలు. ఇంటికి రారా" అన్నాడు.

డేగ ఆగింది. చెవులు ఒక్కసారి నిక్కాయి. చలికాలం ఏమైనా గుర్తొచ్చిందో ఏమో, తోక కొంచెం కదిలింది. తరువాత పళ్ళు ఇగిలించి, తిరిగి, పొదల్లోకి వెళ్ళిపోయింది. అదీ దాని ఇష్టమే.

కుంకుడు గట్టెక్కి ఒగరుస్తూ వచ్చి, బొల్లి పొట్టలో తలపెట్టి ఒక్క కుమ్ము కుమ్మింది. బొల్లి రెండడుగులు తూలింది.

"గాడిదా!" అంది. అని ఏడ్చింది. ఎర్రోడు పోయిన నాడు కోపంలో రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. జకరయ్య దాని పక్కన దుమ్ములో కూర్చున్నాడు. అది ఏడవడం అయ్యేవరకు లేవలేదు.

నీతి: దేవుడు మన మెడలో గుదిబండ కట్టలేదు, అందుకే మనం తప్పిపోగలం, ఒకరినొకరు గాయపరచగలం, అందుకే ప్రేమతో తిరిగి రాగలం కూడా.